రంగుల తొట్టి కాగితం, చెల్క మట్టి

సూరత్ తెలుగు నేత కార్మికుల మీద రాసుకు రమ్మని సంపాదకుడు పంపితే పాండేసర వెళ్లాను. చూడాల్సినవి డైయింగ్ మిల్లులు, మగ్గాల షెడ్లు. కానీ మధ్యాహ్నమంతా ఒక పెద్దాయన డాబా మీదే, ఆయన చిక్కుడు టబ్బుల దగ్గర గడిచిపోయింది.

పెద్దాయనది జనగామ వైపు. పోగులు అతికీ అతికీ వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. ఆ వేళ్లతోనే సిమెంటు సంచిలోంచి గుప్పెడు ఎర్రమట్టి తీశారు. బతుకమ్మకు ఊరెళ్లినప్పుడు తన చెల్కలోంచి రైల్లో మోసుకొచ్చిన మట్టి. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి కలిపి, తేరేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. కొడుకు డైయింగ్ మిల్లు నుంచి తెచ్చిన పీహెచ్ కాగితం ముంచితే పసుపు కలిసిన నారింజ రంగు తేలింది. ఐదుకు కాస్త పైన.

"పాలిస్టర్‌కు రంగెక్కాల్నంటే తొట్టిల గింతే పులుపుండాలె బిడ్డా. చిక్కుడుకు గిది పడది."

నిజమే. నేల పీహెచ్ 5.5 దిగితే అల్యూమినియం కరిగి వేరు కొసలను మొద్దుబారుస్తుంది, భాస్వరం మొక్కకు అందకుండా బిగుసుకుపోతుంది. యూరియా నేలలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. నల్లరేగడి దాన్ని తట్టుకుంటుంది. ఇసుకపాలు ఎక్కువైన చెల్కకు ఆ బలం తక్కువ.

పక్క టబ్బులో అదే మట్టికి మాగిన పశువుల ఎరువు, కట్టెల పొయ్యి బూడిద ముందే కలిపి చిక్కుడు పెట్టారు. మిల్లు బాయిలర్ బూడిద దగ్గరికి రానివ్వరట, "బొగ్గుది, అండ్ల ఏముంటదో" అని. ఎరువులోని సేంద్రియ పదార్థం అల్యూమినియాన్ని పట్టి ఉంచుతుంది, బూడిద పులుపు విరుస్తుంది. అందులోంచి ఒక చిక్కుడు మొక్కను వేళ్లతో సహా పెకలించి చూపారు. వేళ్ల నిండా ఆవగింజలంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చారు. లోపల గులాబీ రంగు. నత్రజని పట్టే బుడిపె అలాగే ఉంటుంది.

"మరి చెల్కలో ఈ ఎరువు ఎందుకు వెయ్యట్లేదు కాకా?"

"ఏటికేడు కౌలుకిస్తి. ఆయన ఎందుకేస్తడు?"

నాకు ఒళ్లు మండింది. పెంట ఎరువు సారం రెండు మూడేళ్లు నిలుస్తుంది. వచ్చే ఏడు తనది కాని నేలకు ఎవరు బండ్లు తోలుతారు? ఐదేళ్లకు రాసివ్వమన్నాను. కాగితం మీద కౌలుదారు పేరెక్కితే భూమి చేజారుతుందని పెద్దాయన భయం. ఆ భయం తీర్చాల్సింది ప్రభుత్వం. 2015లో భూసార కార్డులు మొదలయ్యాయి, అదే ఏడు మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక మట్టి చేలకు తరలింది. కార్డు నేల పీహెచ్ చెబుతుంది; ఆ నేల సాగుదారు చేతిలో ఎన్నేళ్లుంటుందో మాత్రం అడగదు. ఇద్దరికీ భరోసా ఉండే అయిదేళ్ల రాత కౌలు లేకుండా సేంద్రియ ఎరువుల గురించి ఎన్ని శిక్షణలు పెట్టినా ఆ చెల్కలో గంపెడు పేడ పడదు.

పెద్దాయన గ్లాసులో మిగిలిన నీళ్లు టబ్బులో వంపి, సంచి మూతి బిగించి కట్టారు. కాసేపాగి అడిగారు: "ఇప్పుడు మా దిక్కు ఒక్క రాత్రి గొర్లమంద పెట్టిపిస్తె ఎంతడుగుతున్నరు బిడ్డా? సగం నేనిస్త."