రాతిలో నేత

అలంకారాన్ని గూర్చిన చర్చ సూరత్ నగరంలోని మా లింబాయత్‌లో నిత్యకృత్యం. తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చి సాంచాలను నమ్ముకొని బతుకుతున్న పద్మశాలి కుటుంబాలకు చీర మీది పువ్వు రెండు విధాలు. పడుగుపేకల కలయికలో పుట్టిన పువ్వు ఒకటి. నేత ముగిసిన తరువాత ఆడవారు గుమ్మంలో కూర్చుని అంటించే చమ్కీ పువ్వు మరొకటి. రెండూ అన్నం పెట్టేవే. కాని ఉతుకులకు నిలిచేది మొదటిదేనని మా తండ్రిగారు అనేవారు. ఢిల్లీలో పార్లమెంటు భవనాలను దర్శించినప్పుడు ఈ భేదమే నాకు కొలబద్ద అయింది.

పాత భవనానికి 1921 ఫిబ్రవరి 12న శంకుస్థాపన, 1927 జనవరి 18న ప్రారంభోత్సవం జరిగాయి. హెర్బర్ట్ బేకర్ మూడు పార్శ్వాల కట్టడాన్ని తలపెట్టగా, ఎడ్విన్ లుట్యెన్స్ వృత్తాకారమే కావాలని పట్టుబట్టి నెగ్గాడు. వలయాకారపు వరండాలో 144 స్తంభాలు, ఒక్కొక్కటి 27 అడుగుల ఎత్తు. పరాయి పాలకులు తమ ప్రాభవం కోసం కట్టుకున్న ఇల్లది. అయినా మన శిల్పసంప్రదాయం నుండి తీసుకున్న ఛజ్జా, అంటే ముందుకు చొచ్చిన రాతి చూరు, గోడకు నీడపడుతుంది. రాతి జాలీ వెలుతురును వడగట్టి గాలిని రానిస్తుంది. అక్కడ అందం పనిచేస్తున్నది. ప్రాంగణంలోని నాయకుల విగ్రహాలు స్వతంత్ర భారతం చేర్చుకున్నవి. గాంధీజీ, అంబేడ్కర్ విగ్రహాలను 2024లో ప్రేరణా స్థల్‌కు తరలించారు. విగ్రహాన్ని తరలించవచ్చు, ఛజ్జాను తరలించలేము.

2023 మే 28న ప్రారంభమైన కొత్త భవనం త్రిభుజాకారం. రూపశిల్పి బిమల్ పటేల్ అహమ్మదాబాదు వారు. (బేకర్ వదులుకున్న మూడు పార్శ్వాలు శతాబ్దం తరువాత వేరొక రూపంలో తిరిగివచ్చాయని నవ్వుకున్నాను.) ఆరు ద్వారాలకు గజ, అశ్వ, గరుడ, మకర, శార్దూల, హంస నామాలు, ఆయా శిల్పాలు కూడ ఉన్నాయి. పనితనంలో లోపం చెప్పలేను. అయినా 1213 నాటి పాలంపేట రామప్ప గుడి మనసులో మెదిలింది. అక్కడి గజకేసరులు చూరు కింద ఏటవాలుగా నిలిచి కప్పు బరువును మోస్తున్నట్లే ఉంటాయి. ఇక్కడివి కాపలా కాస్తున్నాయి, అంతే.

నా కళ్ళు నిలిచిపోయింది మాత్రం నేల మీద. లోక్‌సభ తివాచీలో నెమలి పింఛపు వన్నె, రాజ్యసభ తివాచీలో కమలపు ఎరుపు. ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ ప్రాంతాల నేతగాళ్ళు 900 మందికి పైగా, 10 లక్షల పనిగంటలు శ్రమించి, సుమారు 60 కోట్ల ముడులు వేశారు. ఒక్కొక్క సభకు 150కి పైగా తివాచీలు నేసి, వాటిని అర్ధచంద్రాకారంగా కలిపి కుట్టారు. ఆ పింఛం పైన అంటించినది కాదు, ముడిముడిలో పుట్టినది.

లింబాయత్‌లో చీర మీద వ్యాపారి పేరు అచ్చవుతుంది, నేసినవాని పేరు కాదు. లుట్యెన్స్, బేకర్, పటేల్ పేర్లు చరిత్రలో ఉంటాయి. ఆ తొమ్మిది వందల పేర్లను కూడ ఒక రాతిపలక మీద చెక్కించి సభాద్వారం దగ్గర నిలిపితే, దానిని చమ్కీ అని నేను అనను.