నిటారుగా అరగంట

మా చిన్నది పాలు కక్కడం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో ఎవరూ బెంగపడలేదు. పసిపిల్లలు పాలు కక్కుతారు. కక్కిన పాలకంటే కడుపులో ఉన్న పాలే ఎక్కువలే అని మా అమ్మ కొట్టిపారేసింది. నాకు అంతకు ముందే ఇద్దరు పిల్లలు. వాళ్ళూ కక్కారు, వాళ్ళంతట వాళ్ళే మానేశారు. ఇదీ అంతే అనుకున్నాను.

కానీ ఆరో నెల వచ్చినా దీనికి మెడ నిలవలేదు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తితే చేతుల్లోంచి కిందికి జారిపోయేది. ఒళ్ళో కూర్చోబెడితే నడుము దగ్గర విరిగినట్టు ముందుకు వాలిపోయేది. కక్కడం తగ్గకపోగా పెరిగింది. పాలు తాగిన గంటకి కూడా ముక్కులోంచీ నోట్లోంచీ వచ్చేవి. ఆపైన వీపు విల్లులా వంచి ఏడుపు. ఆ చలికాలంలో రెండుసార్లు నెమ్ము చేసింది. తొమ్మిదో నెలలో అంగన్‌వాడీ కాటా మీద ఆరు కిలోలు దాటలేదు.

మా ఊరు జి.మాడుగుల వైపు కొండల్లో ఉంది. విశాఖ వెళ్ళాలంటే పాడేరు ఘాటీ దిగాలి. ఆ మలుపుల్లో బాగున్న పిల్లే కక్కుతుంది, ఇక దీని సంగతి చెప్పక్కర్లేదు. దిగేటప్పుడు రెండు తువ్వాళ్ళు, ఎక్కేటప్పుడు రెండు తువ్వాళ్ళు తడిసేవి. అక్కడ ఒక ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పిల్లని చూసింది తక్కువ, మమ్మల్ని చూసింది ఎక్కువ. "మీ ఏజెన్సీవాళ్ళు పిల్లలకి ఏవేవో పోస్తారు. తల్లి సరిగ్గా చూసుకుంటే ఇంతదాకా రాదు" అన్నాడు. సిరప్ రాశాడు. మా ఇంటావిడ బయటికి వచ్చాక కూడా మాట్లాడలేదు. బస్సు చోడవరం దాటాక, "నేనేం పోశాను?" అని ఒక్క మాట అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పరీక్షలు చేశారు. థైరాయిడ్ చూశారు, బాగానే ఉంది. తల స్కానింగు తీశారు. చివరికి తేల్చింది కండరాల పట్టు తక్కువ అని. అది ఒక లక్షణమే కానీ జబ్బు పేరు కాదట. దాని వెనక ఏ కారణమైనా ఉండవచ్చు, మా పిల్లకి ఏదీ దొరకలేదు. పేరులేని జబ్బుని ఊళ్ళో చెప్పుకోవడం కష్టం. అమ్మ దిసరి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన తాడు కట్టి, "ఇది నా చేతిలోది కాదు, ఆసుపత్రి మానొద్దు" అన్నాడు. ఆ మాటకి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. పొట్ట మీద వాతలు పెట్టమన్నవాళ్ళు కూడా ఉన్నారు. దానికి మాత్రం నేను గుమ్మం దగ్గరే అడ్డుపడ్డాను.

అసలు దారి చూపించింది ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి. పుట్టుకతో లోపాలున్న పిల్లల్ని, ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని చూడటానికి ప్రభుత్వం నడిపే కేంద్రాలున్నాయని, మండలాల్లో ఉండే భవిత కేంద్రాల్లో కూడా ఇలాంటి సాయం దొరుకుతుందని మాకు తెలిసేసరికి పిల్లకి ఏడాది నిండింది. నేను మాస్టారిని, నాకే అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయి మందు గురించి అడగలేదు. "మీరు ఎలా పడతారో ఒకసారి పట్టి చూపించండి" అంది. అంతవరకూ ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అమ్మ నేల మీద కూర్చుని కాళ్ళు చాపింది. పిల్లని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల పాదాల వైపు వాలి ఉండగా, చోడి అంబలి గిన్నెతో కొంచెం కొంచెంగా నోట్లో పోసింది. నన్నూ నా తమ్ముళ్ళనీ అలాగే పెంచింది. పిల్ల మూడు గుక్కలు మింగింది, నాలుగోదానికి పొలమారింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి అరవలేదు. పక్కన కూర్చుని, "అమ్మా, మెడ గట్టిగా ఉన్న పిల్లయినా ఇలా పోస్తే ఒక్కోసారి పొలమారుతుంది. ఈ పిల్లకి మింగేటప్పుడు ఊపిరి దారిని మూసుకునే బలం చాలదు. అంబలి కొంచెం అటు కూడా పోతోంది. నెమ్ము అందుకే రెండుసార్లు వచ్చి ఉంటుంది" అని చెప్పింది. అమ్మ గిన్నె కింద పెట్టేసింది. ఇంటికి వచ్చాక రెండు రోజులు పిల్లని ముట్టుకోలేదు. "నా చేత్తోనే చేశానురా బాబూ" అని మూల కూర్చుంది. పిల్ల కక్కడంకంటే అదే నాకు పెద్ద బాధయింది.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. అన్నవాహిక కడుపులో కలిసేచోట ఉంగరంలాంటి కండరం ఉంటుంది. తిన్నది కిందికి వదిలి, పైకి రాకుండా బిగుసుకుంటుంది. పసిపిల్లల్లో అది ఇంకా కుదురుకోదు, పైగా తాగేది పాలు, పడుకునేది వెల్లకిలా. కూర్చోవడం, నిలబడటం వచ్చేసరికి ఎక్కువమందికి ఏడాది, ఏడాదిన్నరలో సర్దుకుంటుంది. కండరాల పట్టులేని పిల్ల ఆలస్యంగా కూర్చుంటుంది. కూర్చున్నా నడుము కుంగి పొట్ట నొక్కుకుంటుంది. పేగులు కూడా మందంగా కదులుతాయి. అందుకే అందరికీ తగ్గినది దీనికి తగ్గలేదు. డాక్టరు రాసిన ఒమెప్రజోల్ పుల్లదనాన్ని తగ్గిస్తుంది, మంటని తగ్గిస్తుంది. పైకి రావడాన్ని అది ఆపదు. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే, మందు వేసినా కక్కుతోందని మేము రెండు సీసాలు పారబోసేవాళ్ళం కాదు.

నేను ఒక రూళ్ళ పుస్తకం తీశాను. మాస్టార్లకి చేతనైన పని అదే కదా. ఎప్పుడు పట్టాం, ఎన్ని చెంచాలు, ఎలా కూర్చుంది, ఎప్పుడు కక్కింది, విరేచనం అయిందా లేదా. మూడు వారాలకి పుస్తకమే మాట్లాడింది. మూడు రోజులు విరేచనం కాకపోతే నాలుగో రోజు కక్కుళ్ళు రెట్టింపు. ఆ సంగతి చూపిస్తే డాక్టరు దానికీ మందు రాశారు. ఇంకొకటి, పొద్దుటి గుక్క తర్వాత ఎక్కువ కక్కేది. ఎందుకా అని చూస్తే, పాలు పట్టగానే మా ఇంటావిడ కాళ్ళు పైకెత్తి గుడ్డ మార్చేది. అలా ఎత్తితే పొట్ట నొక్కుకుంటుంది. పట్టకముందే మార్చడం, తప్పదంటే పక్కకి దొర్లించి మార్చడం మొదలుపెట్టాం. మొలతాడు కూడా పొట్ట మీద గీత పడేంత బిగుతుగా ఉంది. నేను కత్తెర తీస్తే అమ్మ ఒప్పుకోలేదు, విప్పి వదులుగా తనే మళ్ళీ కట్టింది.

చీర ఉయ్యాల మానేశాం. అందులో పడుకుంటే పిల్ల సగానికి మడిచినట్టయి గడ్డం ఛాతీకి ఆనేది. పనస చెక్కతో మా ఊరి వడ్రంగి ఒక కుర్చీ చేశాడు. వెనక ఆసరా, రెండు పక్కలా చుట్టిన దుప్పటి ముక్కలు, ముందుకి జారకుండా కాళ్ళ మధ్య నుంచి గుడ్డ, ముందు పలక. కాళ్ళు గాలిలో వేలాడకుండా కింద ఒక పీట ఉండాలని ఆ అమ్మాయి పదేపదే చెప్పింది. పీట లేనన్నాళ్ళూ పిల్ల తల వాల్చేసేది, పీట పెట్టాక నిలిపింది. నమ్మబుద్ధి కాలేదు కానీ నిజం. పల్చటి అంబలి బదులు వాళ్ళు చెప్పిన చిక్కదనంలో వడగట్టిన చోడిపిండి జావ, చిన్న చెంచాతో, ఒకటి మింగాకే ఇంకొకటి. మూడు పూటలది ఆరు పూటలుగా.

ఇవన్నీ చేయగలిగినవే. చేయలేనిది ఒకటుంది. పట్టిన ప్రతిసారీ పిల్లని అరగంట నిటారుగా ఎత్తుకోవాలి. కాగితం మీద ఒక్క లైను. రోజుకి ఆరుసార్లు, ఒక్కోసారి అరగంట, మొత్తం మూడు గంటలు. నాది ఏకోపాధ్యాయ పాఠశాల, తలుపు తీసేది నేనే, వేసేది నేనే. మా ఇంటావిడ కాఫీ కోతలకి వెళ్ళకపోతే ఆ ఏడాది అప్పు తీరదు. మందు ఖరీదు నెలకి ఇంతని లెక్క కట్టవచ్చు. ఒక మనిషి మూడు గంటలు ఎక్కడి నుంచి తేవాలి? సలహా ఇచ్చేవాళ్ళెవరూ ఆ లెక్క వేయరు.

ఆ మూడు గంటలూ అమ్మ ఇచ్చింది. మూడో రోజు తనే లేచి వచ్చి, "ఎలా పట్టాలో మళ్ళీ చెప్పు" అంది. తర్వాత పాత నూలు చీర చింపి, పిల్లని తన ఛాతీకి ఎదురుగా, ఎత్తుగా, మెడ వెనక గుడ్డ అడ్డం వచ్చేలా, ముఖం తనకి కనిపించేలా కట్టుకుంది. మన ఆడవాళ్ళు పిల్లల్ని వీపున కట్టుకునే కట్టునే ముందుకి తిప్పింది. పిల్ల పొట్ట మడతపడలేదు, నడుము కుంగలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి అది చూసి ఫోన్లో ఫొటో తీసుకుంది. అమ్మ ఆ ఏడాది సామలు వేయలేదు, సంతకి కూడా వెళ్ళలేదు. గుడిసె ముందు అటూ ఇటూ నడుస్తూ ఉండేది. రాత్రి చివరి వంతు నాది. ఎవరూ లేని చీకట్లో పిల్లని భుజాన వేసుకుని ఎక్కాలు చెప్పేవాణ్ణి. పన్నెండో ఎక్కం దాకా వచ్చేసరికి అరగంట కాదు, అందుకని వెనక్కి కూడా చెప్పేవాణ్ణి.

వెంటనే తగ్గిపోలేదు. రెండో ఏడాది ఇంకోసారి నెమ్ము చేసి, ఊపిరి ఎగబోస్తుంటే అర్ధరాత్రి రోడ్డుదాకా డోలీలో, అక్కడి నుంచి అంబులెన్సులో దిగాం. కక్కులో రక్తం చార కనిపించినా, పచ్చగా వచ్చినా, పెదాలు నల్లబడినా తెల్లవారేదాకా ఆగొద్దని చెప్పి ఉన్నారు. ఆ రాత్రి పెదాలే చూసుకుంటూ కూర్చున్నాను. రెండేళ్ళ మూడు నెలలకి ఆసరా లేకుండా కూర్చుంది. కూర్చున్న నెల నుంచే కక్కుళ్ళు తగ్గడం పుస్తకంలో కనిపిస్తుంది. మూడున్నరకి నడిచింది.

ఇప్పుడు ఏడేళ్ళు. నా బడిలోనే రెండో తరగతి. పాల పళ్ళు కొన్ని పులుపుకి అరిగిపోయాయి. మధ్యాహ్న భోజనం అయ్యాక మిగతా పిల్లలు పరిగెత్తుతుంటే ఇది వరండా స్తంభానికి వీపు ఆనించి నిలబడుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి తల వైపు మంచం కోళ్ళ కింద రెండు ఇటుకలు ఇంకా ఉన్నాయి.

మొన్న కింది గూడెం నుంచి ఒక తల్లి పసిబిడ్డని తెచ్చింది, పాలు కక్కుతున్నాడని. నేను పుస్తకం తీయబోతున్నాను. అమ్మ ముందు బిడ్డ మొలతాడు కింద వేలు పెట్టి చూసింది. తర్వాత చంకల కింద చేతులు పెట్టి ఎత్తి చూసింది. వాడు జారలేదు. "గట్టిగానే ఉన్నాడే" అంది, "కూర్చో, ఎలా పడతావో పట్టు చూద్దాం."