వరసలో నాటు తుపాకీ

సెప్టెంబర్ 21, 2025. గుడియాత్తం

బెంగళూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. సెలవు రోజుల్లో పిల్లల్ని అడవికి తీసుకెళ్లి నిప్పు రాజెయ్యడం, ముడులు వెయ్యడం, అడుగుజాడలు గుర్తుపట్టడం నేర్పేవాళ్లతో కలిసి పనిచేస్తున్నాడు. మన వైపు అడవి పనిముట్లన్నీ ఒక పెద్ద అట్ట మీద బొమ్మలు వేయిస్తున్నారట. గొడ్డలి, కొడవలి, గడపార, వల, ఉచ్చు, ఉండేలు, చకుముకి రాయి, వీటితో ఎవరికీ పేచీ లేదు. నాటు తుపాకీ దగ్గర గొడవొచ్చింది. అది అడవి విద్యలోది కాదు, బయటినుంచి వచ్చిందని సగం మంది అన్నారట.

"నువ్వేమంటావు మామా?" అని అడిగాడు.

బయటినుంచి వచ్చిందని తీసేస్తే అగ్గిపెట్టె కూడా ఉండకూడదు గదరా అన్నాను. మా ఊళ్లో ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది ఆ అగ్గిపెట్టె పనే. అయినా వాడికి సరైన జవాబు చెప్పాననిపించలేదు. అగ్గిపుల్ల ప్రాణం తియ్యదు.

సెప్టెంబర్ 24

బస్టాండు పక్కన పూసలమ్మే నక్కలవాళ్ల పెద్దాయన దగ్గర ఇవాళ చాలాసేపు కూర్చున్నాను. తమిళంలో నరికురవర్ అంటారు వీళ్లను. ఇంట్లో వాళ్ల భాష వాళ్లది, బయట ఎవరితో ఏ భాష కావాలంటే ఆ భాష. నాతో తెలుగే.

వాళ్ల నాయనకు లైసెన్సున్న మందు తుపాకీ ఉండేదట. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకునేవాడు. ఇప్పుడది లేదు. ఉన్నట్టే చేతులాడించి చూపించాడు. గొట్టం నిటారుగా నిలబెట్టి నల్లమందు పోశాడు. పైన కొబ్బరిపీచు కుక్కి ఇనపచువ్వతో దట్టించాడు. తర్వాత సీసం గుళ్లు, మళ్లీ పీచు, మళ్లీ చువ్వ. చివర్న క్యాపు పెట్టి గుర్రం ఎత్తాడు. చువ్వ దించిన ప్రతిసారీ తల పక్కకు వంచుతున్నాడు. మొహం గొట్టం మీదికి పోకూడదని చిన్నప్పుడు నాయన మొట్టికాయ వేసి నేర్పాడట. తుపాకీ పోయి ఎన్నేళ్లయినా మెడ మాత్రం మరిచిపోలేదు.

"ఒకటే దెబ్బ సామీ. తప్పితే ఆ పూట కూడు లేదు. మళ్లీ మందు పోసేలోగా కౌజు గుట్ట దాటిపోతాది. అందుకే దగ్గిరికి పోవాల. గాలెట్లుందో చూడాల, ఎండాకు మీద కాలెయ్యగూడదు."

వాన పడితే మందు చెమ్మగిల్లి తుపాకీ ఉత్త కట్టె. ఆ రోజులకు వల, ఉచ్చు. నక్కలా కూసి నక్కను రప్పించే విద్య వీళ్లదని ఎడ్గర్ థర్స్‌టన్ 1909లో అచ్చేసిన దక్షిణాది కులాల సంపుటాల్లోనూ ఉంది. ఆ కూత, ఆ నడక, ఆ ఓపిక తుపాకీ ఇచ్చినవి కావు, అంతకుముందే ఉన్నవి. తుపాకీ వచ్చి వాటి పక్కన చేరింది. ఇక్కడ నాకు కొంత స్పష్టత వచ్చింది.

సెప్టెంబర్ 27. వేలూరు

కంటి పరీక్ష కోసం వచ్చి, పనయ్యాక కోటలోకి వెళ్లాను. జలకంఠేశ్వరుడికి దండం పెట్టుకుని మ్యూజియం చూశాను. వీరగల్లుల ముందు నిలబడితే కదలబుద్ధి కాలేదు. చెంగం ప్రాంతపు వీరగల్లుల మీద కూడా ఇదే తీరు, వీరుడి చేతిలో విల్లు, కత్తి. ఆ కాలపు పనిముట్లు అవే. 1806 జులై 10న ఈ కోటలోనే సిపాయిలు తెల్లవాళ్ల మీద తుపాకులెత్తారు. ఆ తుపాకీ కథ అందరూ రాశారు, రాయాలి కూడా. పొలం గట్టున, తుప్పల్లో, నక్కలోళ్ల భుజాన తిరిగిన తుపాకీ మాత్రం పోలీసు కేసుల్లోనే కనిపిస్తుంది. తెలంగాణలో కొయ్య తుపాకీ పట్టుకుని కోతలు కోసే తుపాకి రాముడు, పిట్టలదొర మనకు తెలుసు. జనంలో వేషంగా నిలిచేంతగా తుపాకీ పల్లె వస్తువైపోయిందంటే, పరాయిదని ఎట్లా తోసేస్తాం?

బస్సులో కూర్చుని చట్టం సంగతి ఆలోచించాను. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో, పంట కాపాడుకోవడానికి అడిగే మందు దట్టించే తుపాకీ ప్రస్తావన విడిగా ఉంది. అంటే చట్టం రాసినవాళ్లకు కూడా అది సేద్యం పనిముట్టని తెలుసు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేటకు కళ్లెం పడింది. ఆ చట్టంలో వేటంటే కాల్చడమొక్కటే కాదు, ఉచ్చు పన్నడం, పట్టుకోవడం, తరమడం కూడా. వలకు, తుపాకీకి అక్కడ తేడా లేదు. అట్ట మీద వలకు చోటిచ్చి తుపాకీని తీసేసేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

అక్టోబర్ 1

ఆయుధపూజ. మగ్గం, నాడె, పార, కొడవలి, స్కూటర్, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాం. పక్కింటాయన కంప్యూటర్‌కు కూడా పెట్టాడు.

ఇలాంటిదే, కొడగులో కైల్‌పోళ్దు పండగ సెప్టెంబర్‌లోనే అయిపోయింది. నాట్ల పని ముగిసేదాకా లోపల దాచిన తుపాకులను ఆ రోజు బయటికి తీసి, పూలు పెట్టి పూజిస్తారు. అక్కడి కొడవ జనానికి తుపాకీ లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపును కేంద్రం 2019లో మళ్లీ పదేళ్లు, అంటే 2029 దాకా పొడిగించింది. వాళ్ల ఆచారాన్ని గౌరవించారు, మంచిదే. కానీ అదే గొట్టం, అదే మందు. కొడగులో అది వంశగౌరవం, నక్కలోళ్ల చేతిలో అనుమానం. ఇది నాకు మింగుడుపడదు. నక్కలోళ్ల పేర్లైన నరికురవర్, కురువిక్కారన్‌లను తమిళనాడు షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చే బిల్లు పార్లమెంటులో 2022 డిసెంబర్‌లో నెగ్గి, 2023 జనవరిలో చట్టమైంది. ఎంత ఆలస్యం!

అక్టోబర్ 5

మోర్దానా దారిలో మా చెనిక్కాయ చేలో రాత్రి అడవిపందులు పడ్డాయి. సాళ్లు సాళ్లే తవ్వేశాయి. ఒలిచిన తొక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. పక్క చేను తమ్ముడు ఏడ్చినంత పనిచేశాడు. వాడిది కౌలు సేద్యం.

"అన్నా, ఒక్క తీగ లాగి కరెంటిస్తే చాలు" అన్నాడు. వద్దని బతిమాలాను. కౌండిన్య అభయారణ్యం మనకు ఆనుకునే ఉంది, పలమనేరు వైపు. అక్కడి ఏనుగులకు రాష్ట్రాల హద్దు తెలీదు. కరెంటు తీగకు చచ్చిన ఏనుగుల వార్తలు ఇటూ అటూ కూడా విన్నాం. చేలో నీళ్లు కట్టడానికి పోయిన మనిషి కూడా ఆ తీగకే పడతాడు.

మేనల్లుడికి ఇవ్వాల్సిన జవాబు నాకు ఈ చేలోనే దొరికింది. మందు తుపాకీ పట్టినవాడు తను కొట్టేది ఏదో కళ్లారా చూడాలి, దాని దగ్గరికి పోవాలి, ఒక్క దెబ్బకు సిద్ధపడాలి. కరెంటు తీగకు, మేతలో పెట్టే నాటుబాంబుకు ఇవేవీ అక్కర్లేదు. పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు. దూరంనుంచే పని ముగించే దుర్బిణీ రైఫిల్‌కూ అడవి విద్య అంతగా అక్కర్లేదు. కాబట్టి తుపాకీలన్నీ ఒకటి కాదు.

ఫోన్లో ఇదే చెప్పాను. వాడు వెంటనే పట్టుకున్నాడు. "ఉచ్చు దగ్గరా మనిషి ఉండడు గదా మామా?"

నిజమే. ఆ మాటకు జవాబు తోచక సాయంత్రం పెద్దాయన్నే అడిగాను. "ఉచ్చేసి పోతే ముంగిస తింటాది సామీ. కూత వినపడేంత దూరంలోనే కూర్చుంటాం" అన్నాడు. వేటకూర అమ్మకానికి ఉచ్చులు పన్ని వదిలేసి పోయేవాళ్లు ఇప్పుడున్నారు. అలాంటి ఉచ్చు కరెంటు తీగకు చుట్టమే. పనిముట్టు పేరు చూసి తేల్చలేం, పట్టినవాడి తీరు కూడా చూడాలి.

అక్టోబర్ 8

అక్క కొడుక్కి ఉత్తరం రాశాను. మందు దట్టించే నాటు తుపాకీ బొమ్మ వెయ్యండి, వల పక్కనే వెయ్యండి. కింద నక్కలవాళ్ల పేరు రాయండి, 1972 చట్టం కింద దానితోగాని వలతోగాని అడవి జంతువుల వేట నేరమని కూడా రాయండి. పిల్లల చేతికి తుపాకీ ఇవ్వొద్దు, దాని ముందున్న విద్య నేర్పండి. గాలి చూడడం, చప్పుడు లేకుండా నడవడం, పిట్ట కూత గుర్తుపట్టడం. అందుకు పెద్దాయన్ను పిలవండి. వస్తానన్నాడు. మనవణ్ణి తోడు తెచ్చుకుంటాడు.

ఇద్దరికీ బస్సు ఖర్చులు, బస ముందే పంపమన్నాను. పెద్దాయనకిచ్చేది దినకూలి లెక్కన కాకుండా, బెంగళూరు ట్రైనర్‌కు ఎంతిస్తారో అంతే ఉండాలని, లేకపోతే పిలవొద్దని రాశాను.