రాత్రి పంపు, పగలు సంసారం



"ఇంకా ఆ మిషను పెట్టుకుంటున్నావా? ఎప్పుడు తగ్గుద్ది?" అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి రాస్తున్నాను.

నాకున్నది హీమోగ్లోబిన్ ఈ బీటా తలసేమియా. నాన్నగారి పెద్దలు కోరింగ రేవులో ఓడెక్కి రంగూను వచ్చినవాళ్ళు. అమ్మమ్మ బర్మా మనిషి. 'ఈ' రకం హీమోగ్లోబిన్ ఈ దేశాల్లో చాలామందిలో ఉంటుంది. అది అమ్మ నించి, బీటా తలసేమియా నాన్న నించి నాకొచ్చాయి. వాళ్ళిద్దరూ ఆరోగ్యంగానే బతికారు. రెండూ కలిసింది నాలోనే.

అందుకని నాకు అప్పుడప్పుడూ రక్తం ఎక్కించాలి. ఒక్క సంచీ రక్తంతో 200 నించి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. ఒంట్లోంచి బయటికి పోయేది రోజుకి 1, 2 మిల్లీగ్రాములే. మిగిలింది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి లాగే మందు డెస్ఫెరాల్. మాత్రలు కూడా ఉన్నాయిగానీ నాకు పడలేదు. వారానికి అయిదు రాత్రులు, పూటకి పది గంటలు, పొట్ట చర్మం కిందకి సన్నటి సూదితో చిన్న పంపు ఈ మందు పంపిస్తుంది.

సంసారం ఎలా నడుస్తుందంటారా? ఎనిమిదికల్లా వంట, గిన్నెలు అయిపోవాలి. పంపు బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా భయం లేదు. టార్చి మాత్రం ముందే చార్జి చేసుకుంటాను, చీకట్లో మందు కలపలేం కదా. చేతులు కడుక్కుని, పొడి మందులో స్టెరైల్ నీళ్ళు కలిపి, నిన్న గుచ్చినచోట కాకుండా పక్కన గుచ్చుకుంటాను. పంపు గుడ్డసంచీలో పెట్టి నడుముకి కట్టుకుంటే, మా చిన్నాడికి ఎక్కాలు చెప్పొచ్చు, అత్తమ్మ కాళ్ళు పట్టొచ్చు. పొద్దున్న ఆరింటికి తీసేస్తే ఆయన క్యారేజీ సర్దే వేళకి చేతులు ఖాళీ. మూత్రం ఎర్రగా వస్తే బెంగ లేదు, ఇనుము పోతోందన్నమాట. జ్వరంతో కడుపునొప్పి వస్తే మాత్రం పంపు ఆపేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇదంతా అలవాటైపోయింది. అలవాటు కానిది ఇంకోటి ఉంది.

మా పెద్దదానికి ఇరవై రెండేళ్ళు. మా తమ్ముడి కొడుక్కి ఇచ్చి చెయ్యాలని మావాళ్ళందరి కోరిక. మేనరికం, ఎరిగిన ఇల్లు, పిల్ల కళ్ళెదుటే ఉంటుంది. నాకూ ఇష్టమే. కానీ నా రెండు జన్యువుల్లో ఒకటి నా ప్రతి బిడ్డకీ తప్పకుండా వెళ్ళుంటుంది. తమ్ముడూ ఆ తల్లిదండ్రుల బిడ్డే. అబ్బాయికి కూడా వచ్చుంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకి రెండువైపుల నించీ రావచ్చు. కొన్ని జతలు తేలిగ్గా పోతాయి, కొన్ని నాలా పంపు దాకా తెస్తాయి. అందుకే "ముందు అబ్బాయికి రక్త పరీక్ష చేయిద్దాం" అన్నాను. తమ్ముడికి కోపమొచ్చింది. "నా కొడుక్కి రోగం అంటగడతావా అక్కా?" అన్నాడు. రెండు నెలలైంది, మా గుమ్మం తొక్కలేదు.

అబ్బాయే మొన్న ఒంటరిగా వచ్చాడు. "అత్తా, ఎక్కడ చేస్తారో చెప్పు, నేను వెళ్తాను" అన్నాడు. ఇంకా ఫలితం రాలేదు. ఏం వచ్చినా ఆలోచించుకోవాల్సింది వాళ్ళిద్దరూ. తెలిసి ఆలోచించుకోవాలన్నదే నా పట్టు.

మీరు సింగపూరులో ఉన్నా, కాకినాడలో ఉన్నా సంబంధాలు చూస్తుంటే జాతకాలతోపాటు హెచ్‌బి ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ ఒక్కసారి చేయించండి. ఒకసారి చేస్తే జీవితానికంతటికీ సరిపోతుంది. హైదరాబాదు వైపు వాళ్ళు 1998 నించి పనిచేస్తున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని అడగొచ్చు. క్యారియరంటే రోగి కాదని ఇంట్లో పెద్దవాళ్ళకి నెమ్మదిగా చెప్పండి.

ఇంకో మాట. నాకు ఫోను చేస్తే "పాపం" అనకండి. రాత్రి తొమ్మిది దాటాక చెయ్యండి. పంపు నడుస్తుంటుంది, నేను ఎటూ కదలను, తీరిగ్గా కబుర్లు చెప్పుకోవచ్చు.