ఏటికొప్పాక రంగులు, ఏటి నీరు

విశాఖపట్టణమునకు నైరుతిగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున, చెన్నై పోవు రైలుమార్గముపై ఎలమంచిలి పట్టణము కలదు. 2022వ సంవత్సరమునుండి ఇది అనకాపల్లి జిల్లాలోనిది. దానికి సమీపమున, వరాహనది యొడ్డున, ఏటికొప్పాక గ్రామమున్నది. లక్కపిడతలతో ఆడుకొనని ఆంధ్రబాలిక అరుదు కదా! ఆ లక్కపిడతల పుట్టినిల్లు చూడవలెనని మేము అచ్చటికి పోయితిమి.

పనివారు తిరుగుచున్న మరకు అంకుడుకఱ్ఱను బిగించి ఉలితో చెక్కుచుండిరి. రంగు కలిపిన లక్కకడ్డీని కఱ్ఱకు ఆనించినంతనే రాపిడివేడికి లక్క కరగి పట్టుకొనును. పిమ్మట మొగలిఆకుతో రుద్దగా బొమ్మ నిగనిగలాడును. పసుపుకొమ్ములు, జాఫ్రా గింజలు, నీలిమందు మొదలగువానినుండి ఈ వన్నెలు లభించును.

ఒకప్పుడు ఇచ్చటను రసాయనపు రంగులు ప్రవేశించినవి. పసిపిల్లలు బొమ్మను నోట పెట్టుకొందురు. సీసమువంటి లోహములున్న రంగు వారికి హానికరము. ఈ యూరివారైన శ్రీ సి. వి. రాజుగారు చెట్టుచేమల రంగులను పునరుద్ధరించి, పనివారికి నేర్పిరి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపును, రాజుగారికి 2023లో పద్మశ్రీ బిరుదమును లభించినవి.

బొమ్మల రంగు లక్కలోనే నిలిచియుండును. బట్టల రంగు అట్లుకాదు. నూలుకు పట్టని రంగు జాడించిన నీటితో పోవును. క్రొత్త చీరను తొలిసారి తడిపిన ప్రతి గృహిణికిని ఇది తెలిసినదే. ఇంటి బాల్చీడు నీరు స్వల్పము. అద్దకపు కర్మాగారముల నీరు కాలువలై పారును. 1856లో ఇంగ్లండున పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ బొగ్గుతారునుండి వచ్చు పదార్థముతో ఊదారంగు కనుగొన్నది మొదలు, ఎండకును నీటికిని చెక్కుచెదరని రంగులు లోకమంతట వ్యాపించినవి. ఆ గట్టిదనమే ఏటికి కీడైనది. రంగునీరు సూర్యకాంతిని అడ్డగించి నీటిమొక్కలను క్రుంగదీయును. కొన్ని రంగులు విరిగి పుట్టకురుపు కలిగింపగల పదార్థములగును.

ఈ నీటిని శుద్ధిచేయుటకు శాస్త్రజ్ఞులు అధిశోషణమను పద్ధతిని వాడుదురు. తగినట్లు సిద్ధపఱచిన బొగ్గుపొడిని రంగునీట కలిపి వడకట్టినచో, రంగు పొడికంటుకొని నీరు తేటపడును. పొడి ఎంత సన్ననిదైన అంత మేలు. ఒక సెంటీమీటరు ఘనమునకు 6 చదరపు సెంటీమీటర్ల పైతలముండును. దానినే మిల్లీమీటరులో లక్షవవంతు కొలతగల ముక్కలు చేసినచో, పైతలము 600 చదరపు మీటర్లగును! ఇట్టి అతిసూక్ష్మములను నానోరేణువులందురు. వీనిని అయస్కాంతమునకు లొంగు ఇనుప ఆక్సైడుతో చేసినచో, పని తీరినపిదప అయస్కాంతముతోనే నీటినుండి లాగివేయవచ్చును.

అయినను రంగు నీటినుండి రేణువునకు మారినదేకాని నశింపలేదు. ఆ రేణువులను కడిగి మరల వాడవలెను, లేదా భద్రముగ తొలగింపవలెను. అవి తప్పించుకొని ఏటిలో కలియకుండ చూడవలెను. ఇందుకు వ్యయమును జాగ్రత్తయు కావలెను.

కలిసిన రంగును తీయుట కష్టము. కలియకుండ చూచుట సులభము. లోకమునకు కావలసిన బట్టలన్నిటికిని పసుపు, నీలిమందు చాలకపోవచ్చును; కావున శుద్ధిచేయు శాస్త్రమును అవసరమే. కాని కొనుట మన చేతిలోనున్నది. సోదరీమణులారా, బిడ్డకు బొమ్మ కొనునపుడును, మీకు చీర కొనునపుడును, వెల అడిగినట్లే ఆ రంగు దేనితో చేసినదో, కడిగిన నీరు ఎక్కడికి పోవుచున్నదో కూడ అడుగుడు. అడుగువారు పెరిగినకొలది అమ్మువారు సమాధానము వెదకుకొందురు.