కోనసీమలో కదలని కారు

రాజమండ్రిలో రైలు దిగి కోనసీమకు బస్సెక్కితే, దారి పొడుగునా కనిపించేదంతా నీటి సంగతే. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట చోటు. ఇప్పుడు అక్కడ ఉన్నది ఆయన పేరు పెట్టుకున్న బ్యారేజి. కడియపులంకలో రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలు. జొన్నాడ దాటగానే గౌతమి మీద వంతెన. రావులపాలెంలో అరటి గెలలు, అంబాజీపేటలో కొబ్బరికాయల రాశులు. గన్నవరం చేరేసరికి వైనతేయ, దాని నెత్తి మీదుగా అవతలి లంకలకు కాలువను మోసుకుపోయే అక్విడక్టు. కింద నది, పైన కాలువ! ఎన్నిసార్లు చూసినా బస్సు కిటికీలోంచి తల బయట పెట్టకుండా ఉండలేము.

మా మేనత్తగారి ఊరు ఆ అక్విడక్టుకు అవతల ఉన్నది. ఈసారి నేను వెళ్లింది పెళ్లికీ కాదు, పండక్కూ కాదు. కారు బ్యాటరీ సంగతి చూడటానికి. నవ్వకండి. సంగతి వింటే నవ్వరు.

ఆ సీమలో ఇప్పుడు చాలా ఇళ్లది ఒకటే వరస. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. పెద్దవాళ్లు కొబ్బరితోట చూసుకుంటూ ఊళ్లో ఉంటారు. వాకిట్లో రేకుల షెడ్డు కింద, గుడ్డ కప్పిన కారు ఒకటి ఉంటుంది. సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు నాలుగు రోజులు తిరుగుతుంది. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి ఒకసారి కదులుతుంది. తక్కిన కాలమంతా కోళ్లకు నీడగా పనికివస్తుంది.

మా మావయ్యకు కిందటి నెలలో ఒక అర్ధరాత్రి ఆయాసం వచ్చింది. ఊళ్లోని డ్రైవరు కుర్రాడు పరుగున వచ్చి తాళం తిప్పితే కారు "టిక్" అన్నది. మళ్లీ తిప్పితే మళ్లీ "టిక్". అంతే. పక్క వీధి ఆటో అతన్ని లేపి, మావయ్యను ఎక్కించి, అమలాపురం ఆసుపత్రికి చేర్చేసరికి రెండు గంటలు పట్టింది. దేవుడి దయవల్ల గట్టెక్కారు. కాని మేనత్త మనసులో ఆ "టిక్" మాత్రం అలాగే ఉండిపోయింది.

"ఏరా నాయనా, లక్షలు పోసి కొన్న బండి, అవసరానికి ఆటోపాటి చెయ్యలేదు గదరా!" అన్నది నన్ను చూడగానే.

మా బావ హైదరాబాదు నుంచి ఫోనులో ఒకటే మాట: "కొత్త బ్యాటరీ వేయించెయ్యండి." మరి కొత్తదీ అదే షెడ్డులో, అదే గుడ్డ కింద పడుకుంటే దాని గతీ ఇంతే గదా! అందుకని ముందు గన్నవరం సెంటరు నుంచి మేస్త్రీని పిలిపించాము.

మేస్త్రీ మోపెడ్ మీద వచ్చాడు. బానెట్టు ఎత్తగానే టెర్మినల్సు మీద పచ్చటి చిలుము కనిపించింది. సముద్రపుగాలి తగిలే ఊళ్లలో ఇది త్వరగా పడుతుంది. మీటరు పెట్టి చూశాడు: 11 వోల్టుల చిల్లర.

"ఆయ్, ఇది చచ్చిపోలేదండి బాబుగారూ. పస్తులుందండి, అంతే," అన్నాడు.

"మేము ముట్టుకోనైనా లేదు గదయ్యా, ఎలా పస్తుంటుంది?" అన్నది మేనత్త.

"అదేనండి అమ్మగారూ! ముట్టుకోకపోబట్టేనండి."

మేస్త్రీ అన్న మాటలో శాస్త్రమంతా ఉన్నది. ఈనాటి కారు నిలబడి ఉన్నా పూర్తిగా నిద్రపోదు. గడియారం, తలుపు తాళాల యంత్రం, లోపలి కంప్యూటరు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 30 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. చూడటానికి ఏమీ కాదు. కాని 35 ఆంపియర్ అవర్ల చిన్నకారు బ్యాటరీని అది 48 రోజుల్లో అడుగంటించగలదు. పైగా బ్యాటరీ దానంతటదే కొంత తరిగిపోతుంది. వేసవి ఎండకు ఆ తరుగుదల ఇంకా ఎక్కువ.

డెల్టా వాళ్లకు ఈ లెక్కలు కాలువ భాషలో చెబితే తేలిక. వోల్టు అంటే నీటి మట్టం. ఆంపియరు అంటే తూములో పారే నీరు. ఆంపియర్ అవరు అంటే చెరువులో పట్టే నీరు. కొన్ని గంటలు కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే చెరువు నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగం. 12కు దిగితే అడుగు కనిపిస్తున్నట్టే. సెల్ఫు కొట్టిన ఆ రెండు మూడు క్షణాల్లో ఇంజను వందకు పైగా ఆంపియర్లు గుంజుతుంది. అడుగంటిన చెరువులోంచి అంత నీరు ఎక్కడ వస్తుంది? "టిక్" అనే వస్తుంది.

ఇక పూడిక సంగతి. బ్యాటరీ లోపల సీసం పలకలు, సల్ఫ్యూరికామ్లం ఉంటాయి. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తున్నది. కరెంటు వాడినకొద్దీ పలకల మీద ఒక సల్ఫేటు పొర పడుతుంది. చార్జి చేస్తే కరిగిపోతుంది. బ్యాటరీని ఖాళీగా వారాల తరబడి వదిలేస్తే ఆ పొర గట్టిపడి కూర్చుంటుంది. ఏటేటా తీయని కాలువ పూడిక లాంటిదన్నమాట. బాగా ముదిరితే ఏ మేస్త్రీ తీయలేడు. కాబట్టి బ్యాటరీ దిగిపోయిందని తెలిసిన రోజునే చార్జికి పెట్టాలి, పండక్కి చూద్దామనుకోకూడదు.

ఈలోగా వీధిలో కుర్రాళ్లు తోస్తామని చొక్కాల చేతులు మడిచారు. పాత కార్లకు ఆ వైద్యం పనిచేసేది. వాటికి ముందువైపు హ్యాండిలు కూడా ఉండేది. ఇప్పటి బండ్లలో పెట్రోలు పంపూ, కంప్యూటరూ మేలుకోవాలన్నా కొంత కరెంటు కావాలి. బొత్తిగా దిగిపోతే ఎంత తోసినా ఆయాసమే ఫలం. గేర్లు వాటంతటవే పడే బండి అయితే తోసి స్టార్టు చేయడం కుదరనే కుదరదు.

పొరుగింటి కారు తెచ్చి మేస్త్రీ తీగలు తగిలించాడు. ఆ వరస ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. రెండింటి స్విచ్చీలూ ఆపాలి. ఎర్రతీగ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్సుకు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్సుకు. నల్లతీగ మంచి బ్యాటరీ మైనస్సుకు. దాని రెండో కొసను దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, ఆ కారు ఇంజనుమీద రంగులేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. బ్యాటరీలోంచి హైడ్రోజను వాయువు వస్తుంది. దాని పక్కన నిప్పురవ్వ పడితే ప్రమాదం. మంచి కారును స్టార్టు చేసి కొద్ది నిమిషాలు ఆగి, రెండోదాన్ని తిప్పాలి. తీసేటప్పుడు ఇదే వరస వెనకనుంచి.

కారు గుర్రుమన్నది. మేనత్త చేతులు జోడించింది. మేస్త్రీ మాత్రం సంతోషించలేదు.

"ఇది ఎంగిలి పడటమేనండి, భోజనం కాదండి. వాకిట్లో పది నిమిషాలు ఆడిస్తే కడుపు నిండదండి."

బ్యాటరీ విప్పి షాపుకు తీసుకుపోయాడు. విప్పేటప్పుడు మైనస్సు ముందు, బిగించేటప్పుడు మైనస్సు చివర. చిలుమును వంటసోడా నీళ్లతో కడిగి తుడిచాడు. మూతలు తీసి, పలకలు మునిగేదాకా డిస్టిల్డు వాటరు పోశాడు. ఆ ఊళ్లో బోరు నీళ్లు ఉప్పన. అవి పోస్తే పలకలు చెడతాయి. ఆ తరువాత చార్జికి పెట్టాడు, అదీ మెల్లగా. సామర్థ్యంలో పదోవంతు అని లెక్క: 35 ఆంపియర్ అవర్లకు మూడున్నర ఆంపియర్లు. ఎండి నెరలిచ్చిన చేనుకు గండి కొట్టి ఒక్కసారి నీరు వదిలితే మట్టి కొట్టుకుపోతుంది గాని తడవదు. ఇదీ అంతే.

ఒక రాత్రీ, మర్నాడు పగలూ గడిచాక గ్రావిటీ చూశాడు. ఆరు గదులూ ఇంచుమించు సమానంగా 1.250 చూపించాయి. ఒక్క గది వెనకబడినా, లేదా వోల్టులు 10.5 దగ్గర ఆగిపోయినా ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవలసిందే. ఒళ్లు ఉబ్బినదాన్ని, పగిలినదాన్ని అసలు చార్జికే పెట్టకూడదు. మాది మరో రోజు ఊరికే ఉంచినా 12.6 నుంచి దిగలేదు. బతికినట్టే. కొత్తది అంటగట్టే వీలుండీ అంటగట్టని ఆ మేస్త్రీకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇక ఇంటికొక చార్జరు కొనాలి. అమలాపురంలో నాలుగు షాపులు తిరిగాము. పాతరకం చార్జర్లు నిండినా ఆగవు. మనం మరచిపోతే ఆసిడ్డును మరిగిస్తాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో అవి పనికిరావు. నిండగానే తనంతట తానే తగ్గించుకుని, మట్టాన్ని మాత్రం నిలిపి ఉంచే ఆటోమాటిక్ రకం కావాలి. ప్లస్సూ మైనస్సూ తారుమారుగా తగిలించినా కాలిపోకూడదు. బ్యాటరీ బాగా దిగిపోతే కొన్ని చార్జర్లు అసలు బ్యాటరీయే లేదనుకుని ఊరుకుంటాయి. ఎంత తక్కువ వోల్టుల నుంచి అందుకుంటుందో అట్టమీద చదివి చూడాలి. పల్లెటూళ్లలో కరెంటు హెచ్చుతగ్గులకు తట్టుకోవాలి. చిన్నకారుకు నాలుగైదు ఆంపియర్లు చాలు. పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. కరెంటు స్కూటరు చార్జరూ, ఆటో చార్జరూ దీనికి పనికిరావు. వాటి వోల్టులు వేరు. అన్నిటికంటే ముఖ్యం: బాగుచేసేవాడు మన దగ్గర్లో ఉన్నాడా అన్నది. బిల్లు తప్పక తీసుకోవాలి.

చార్జరు పెట్టేచోట గాలి ఆడాలి. బీడీ, అగ్గిపుల్ల దరి చేరకూడదు. ముందు క్లిప్పులు తగిలించి తరువాత స్విచ్చి వేయాలి. ముందు స్విచ్చి ఆపి తరువాత క్లిప్పులు తీయాలి.

లంక ఊళ్లకు ఇంకొక మాట. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి వచ్చింది. 10 లక్షలకు మొదటి హెచ్చరిక, 13కు రెండోది, 17కు మూడోది. మొదటి హెచ్చరిక వినగానే బియ్యం, మందులు సర్దుకున్నట్టే బ్యాటరీని నింపి, కారును గట్టు మీదికి చేర్చుకోవాలి. మూడో హెచ్చరిక నాటికి కరెంటు ఉంటుందో ఉండదో, అప్పుడు చార్జరు వెతుక్కుని లాభం లేదు.

పక్షానికొకసారి చార్జి పెట్టాలనీ, కుదిరితే వారానికొకసారి అరగంటకు పైగా రోడ్డుమీద తిప్పాలనీ చెప్పాను. తేదీలు గుర్తుండవేమోనని నా అనుమానం. మేనత్త గోడకున్న కాలెండరు చూసి నిమిషంలో తేల్చేసింది.

"పక్షానికొకసారే గదురా? ఏకాదశి నాడు పెడతాను. నేను పస్తు, అది భోజనం!"

అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఏకాదశులు తప్పడం లేదు. తాళం తిప్పితే కారూ తప్పడం లేదు. మావయ్య రాత్రిళ్లు కాస్త నిశ్చింతగా నిద్రపోతున్నారట.