తూర్పు లండన్‌లో మన బిడ్డలు: స్పాన్సర్‌షిప్ కోసం నిరీక్షణ

భూమిలో సంచరించి కళ్ళు తెరచి చూడమని దివ్య ఖుర్ఆన్ మానవులను మాటిమాటికీ ప్రోత్సహిస్తున్నది. ఒక నేలపై మనుషులు ఏ ఆశతో వచ్చారో, ఏ స్థితిలో జీవిస్తున్నారో గ్రహించడం కూడా అందులో భాగమే. అల్లాహ్ అనుగ్రహంతో 2025 అక్టోబరులో కొన్నాళ్ళు తూర్పు లండన్‌లో గడిపే అవకాశం మాకు లభించినది. ఉన్నత చదువుకోసం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి అక్కడికి వెళ్ళిన బిడ్డలను పలువురిని కలుసుకున్నాము. వారి స్థితిగతుల గురించి, వారిని పంపే తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసిన విషయాల గురించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వైట్‌చాపెల్ రోడ్డుపై బంగారు వన్నె గుమ్మటంతో ఈస్ట్ లండన్ మస్జిద్ దూరానికే కనబడుతుంది. లండన్‌లో మస్జిద్ నిర్మించాలనే సంకల్పంతో 1910లో ఏర్పడిన నిధి దీనికి మూలం. 1941లో కమర్షియల్ రోడ్డులోని కొన్ని ఇళ్ళలో నమాజు ప్రారంభమైనది. ఇప్పటి భవనం 1985లో సిద్ధమైనది. జుమా నాడు బంగ్లాదేశీయులు, సోమాలీలు, అరబ్బులు, మనవాళ్ళు భుజం భుజం కలిపి నిలబడతారు. నమాజు ముగిసి బయటకు వస్తుండగా మొదట దక్కనీ ఉర్దూ, కాసేపటికి గుంటూరు తెలుగు మా చెవిన పడినవి. గోడవారగా కొందరు యువకులు పెద్ద చతురస్రపు సంచులను మళ్ళీ వీపుకు తగిలించుకుంటున్నారు. హోటళ్ళ నుండి ఇళ్ళకు భోజనం చేరవేసే పని వారిది. పలకరిస్తే, ఒకరు ఇంజనీరింగు చదివి డేటా సైన్సులో మాస్టర్స్ పూర్తిచేసినవారు. ఇంకొకరు వ్యాపార నిర్వహణలో పట్టా పొందినవారు. హలాల్ సంపాదనకై చేసే ఏ శ్రమా చిన్నది కాదు. అయితే వారు అంత దూరం వెళ్ళినది ఆ పనికోసం కాదన్నది వారి ముఖాలే చెబుతున్నవి.

అక్కడి నుండి నడిచి వెళ్ళగలిగిన దూరంలో బ్రిక్ లేన్ అనే వీధి ఉన్నది. ఆ వీధిలోని జామె మస్జిద్ భవనం చరిత్ర మమ్మల్ని ఆలోచింపజేసినది. ఫ్రాన్సులో మతపీడనను తాళలేక తరలివచ్చిన ప్రొటెస్టెంటు క్రైస్తవులు 1743లో దానిని చర్చిగా కట్టుకున్నారు. 1819లో అది మెథడిస్టుల ప్రార్థనాలయమైనది. తూర్పు ఐరోపా నుండి వచ్చిన యూదులకు 1898లో సినగాగ్ అయినది. 1976లో బంగ్లాదేశ్ ముస్లిముల మస్జిద్ అయినది. గోడమీది సూర్య గడియారంపై 1743 అనే అంకె నేటికీ కనిపిస్తుంది. పట్టు నేసినవారు, బట్టలు కుట్టినవారు, హోటళ్ళు నడిపినవారు ఒకరి తర్వాత ఒకరు ఆ కప్పు క్రింద మోకరిల్లారు. కష్టపడగల చేతులతో వచ్చి వారు ఆ వీధుల్లో కాళ్ళూనుకున్నారు. నేడు మన బిడ్డకు చదువు, నైపుణ్యం, శ్రమించే గుణం ఉన్నా సరిపోదు. అతని తరఫున ప్రభుత్వానికి పూచీపడే యజమాని కావాలి. ఆ పూచీనే స్పాన్సర్‌షిప్ అంటారు.

దాని పద్ధతిని ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. చదువుకునే కాలంలో విద్యార్థికి తరగతులు జరిగే వారాల్లో 20 గంటలు పనిచేసే అనుమతి ఉంటుంది. స్వయం ఉపాధికి అనుమతి లేదు కనుక, భోజనం చేరవేసే పనిని స్వతంత్రంగా చేసుకోవడం స్టూడెంట్ వీసాపై నిషిద్ధం. చదువు పూర్తయిన తర్వాత గ్రాడ్యుయేట్ వీసా వస్తుంది. 2021 జులైలో ప్రారంభమైన ఈ వీసాపై రెండేళ్ళు ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేసేవారికి ఈ గడువు 18 నెలలకు తగ్గుతుంది. పీహెచ్‌డీ చేసినవారికి మాత్రం మూడేళ్ళు ఉంటుంది. ఈ వీసాకు దరఖాస్తు రుసుము గాక, ఆరోగ్య రుసుము క్రింద ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున రెండేళ్ళకు 2,070 పౌండ్లు ముందుగానే చెల్లించాలి.

గడువు తీరేలోగా స్కిల్డ్ వర్కర్ వీసాకు మారలేకపోతే దేశం విడిచి రావలసినదే. ఆ వీసాకు సాధారణ కనీస వార్షిక వేతనం 2024 ఏప్రిల్‌కు ముందు 26,200 పౌండ్లు ఉండేది. అప్పుడు 38,700కు, 2025 జులైలో 41,700కు పెరిగినది. మన రూపాయల్లో 45 లక్షలకు పైమాటే. 26 ఏళ్ళలోపు వారికి, విద్యార్థి లేదా గ్రాడ్యుయేట్ వీసా నుండి మారేవారికి 33,400 పౌండ్ల తగ్గింపు స్థాయి ఉన్నది. ఆ సడలింపు గ్రాడ్యుయేట్ వీసాపై గడిచిన కాలంతో కలిపి నాలుగేళ్ళకు మించదు. అంటే రెండేళ్ళు వెతుకులాటలో గడిపినవారికి మిగిలేది రెండేళ్ళే. పైగా ఆ వృత్తికి నిర్ణయించిన వేతనం ఇంకా ఎక్కువైతే దానినే లెక్కలోకి తీసుకుంటారు. చదువు సాధారణ మాస్టర్స్ అయితే, 2024 జనవరి నుండి భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్ళే వీలు కూడా లేదు.

యజమాని వైపు నుండి కూడా చూడాలి. అతను ముందుగా హోం ఆఫీసు నుండి లైసెన్సు పొందాలి. రుసుములు చెల్లించాలి, హాజరు లెక్కలు ఉంచాలి, ఉద్యోగి కారణం చెప్పకుండా మానివేస్తే ప్రభుత్వానికి తెలియజేయాలి. అదే పనికి ఏ పూచీ అవసరం లేని స్థానికుడు దొరికినప్పుడు చిన్న సంస్థ ఈ భారం ఎందుకు మోస్తుంది? లైసెన్సు గల సంస్థల జాబితాను హోం ఆఫీసు ఉచితంగా ప్రకటిస్తున్నది. అందులో లక్షకు పైబడిన పేర్లు ఉన్నవి. పేరు ఉన్నంత మాత్రాన ఆ సంస్థ కొత్తవారికి పూచీ ఇస్తుందనుకోరాదు. పేరు లేని సంస్థ మాత్రం ఇవ్వలేదని నిశ్చయంగా చెప్పవచ్చు.

మరొక సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తున్నది. అక్కడి పెద్ద సంస్థలు పట్టభద్రుల నియామకాలకు శరత్కాలంలోనే, మరుసటి ఏడాది ఉద్యోగాల కోసం దరఖాస్తులు స్వీకరిస్తాయి. ఏడాది మాస్టర్స్‌కు సెప్టెంబరులో వెళ్ళే విద్యార్థి ఇల్లు వెతుక్కుంటూ, చలికి అలవాటుపడుతూ ఉన్న ఆ వారాల్లోనే దరఖాస్తులు వేయాలి. చదువు ముగిశాక చూద్దామనుకున్నవారికి ఒక ఏడాది చేజారినట్లే. వైద్యులకు, నర్సులకు ప్రత్యేక మార్గం ఉన్నది. వృద్ధుల సంరక్షణ పనికి విదేశాల నుండి మనుషులను తీసుకోవడం 2025 జులైలో నిలిపివేశారు. ఏ కోర్సు ఏ ఉద్యోగానికి దారితీస్తుందో తెలియకుండా కేవలం సీటు దొరికినదని వెళ్ళినవారి పరిస్థితి అన్నింటికంటే కష్టం.

ఒక సాయంకాలం మగ్రిబ్ తర్వాత గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుడు మా ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. గ్రాడ్యుయేట్ వీసాలో అతనికి ఆరు నెలలు మిగిలి ఉన్నవి.

"మౌల్వీ గారూ, ఒక మధ్యవర్తి స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తానంటున్నాడు. 12 లక్షలు అడుగుతున్నాడు. ఉద్యోగం కాగితం మీదే ఉంటుంది. నేనిచ్చే డబ్బునే జీతమని ప్రతి నెలా నా ఖాతాలో వేస్తారట. షరీఅత్‌లో దీనికి అనుమతి ఉన్నదా?"

"లేదు బాబూ" అన్నాము. లేని ఉద్యోగాన్ని ఉన్నదనడం అబద్ధపు సాక్ష్యం. దానికై ఇచ్చే సొమ్ము లంచం. లంచం ఇచ్చేవానిని, పుచ్చుకునేవానిని కూడా దైవప్రవక్త ముహమ్మద్ (స) శపించారు. వీసా అనేది ఒక దేశంతో మనం చేసుకున్న ఒప్పందం. ఒప్పందాన్ని నెరవేర్చడం విశ్వాసి ధర్మం. ఇక ప్రాపంచికంగా చూచినా అది గోతిలో అడుగు పెట్టడమే. సంస్థ లైసెన్సు రద్దయితే ఏ తప్పూ ఎరుగని ఉద్యోగికి కూడా సాధారణంగా 60 రోజుల గడువే మిగులుతుంది. మోసంలో పాలు పంచుకున్నట్లు తేలితే భవిష్యత్తు వీసాలకు కూడా తలుపులు మూసుకుపోవచ్చు.

అతను తల వంచుకొని, "ఇదంతా నాకు తెలుసు మౌల్వీ గారూ. నాన్న ఇల్లు తాకట్టు పెట్టారు. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ, ఫలానా వాళ్ళబ్బాయికి వచ్చిందట, నీకెప్పుడొస్తుందని అడుగుతుంది. ఊరికి ఏ ముఖంతో పోవాలి?" అన్నాడు.

అతని అనుమతితో మరునాడు తండ్రితో ఫోన్‌లో మాట్లాడాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అప్పు నా పేరు మీద ఉంది మౌల్వీ గారూ, వాడి మెడ మీద లేదు. కొలువు రాకపోతే వచ్చేయమని చెప్పండి" అన్నారు. ఆ మాట మీ నోటినుండే అతనికి చేరాలని మేము కోరాము. ఆ రాత్రే ఆయన కుమారునికి ఫోన్ చేశారు. మధ్యవర్తికి వద్దని చెప్పినట్లు ఆ యువకుడు మాకు తర్వాత తెలియజేశాడు. ఉద్యోగం కోసం ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాడు. అల్లాహ్ అతనికి మార్గం సుగమం చేయుగాక!

తిరుగు ప్రయాణానికి ముందు వాటర్లూ స్టేషనులో రైలెక్కి వోకింగ్ వెళ్ళాము. భోపాల్ బేగం షాజహాన్ విరాళంతో 1889లో వెలసిన షాజహాన్ మస్జిద్ అక్కడే ఉన్నది. మస్జిద్‌గానే నిర్మించబడిన భవనాల్లో బ్రిటనులో అది మొదటిది. తర్వాతి స్టేషను బ్రూక్‌వుడ్. అక్కడి శ్మశానవాటికలో దివ్య ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించిన ఇద్దరు మహనీయుల సమాధులు ఉన్నవి. వారిలో మార్మడ్యూక్ పిక్తాల్ ఆంగ్లేయుడు. ఆయన 1925లో కొలువుకోసం హైదరాబాదు వచ్చారు. చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల బాధ్యత వహించారు. అనువాదం పూర్తిచేయడానికి నిజాం ప్రభుత్వం ఆయనకు జీతంతో సెలవు ఇచ్చినది. 1930లో ఆ గ్రంథం వెలువడినది. అంటే ఒకనాడు ఒక ఆంగ్లేయునికి మన హైదరాబాదు పూచీదారు అయినది. రెండవవారు అబ్దుల్లా యూసుఫ్ అలీ. 1891లో స్కాలర్‌షిప్‌పై కేంబ్రిడ్జికి వచ్చిన భారతీయ విద్యార్థి. చదువు ముగించి స్వదేశానికి వెళ్ళి ఐసీఎస్ అధికారిగా పనిచేశారు. తరువాత కొంతకాలం హైదరాబాదులో రెవెన్యూ మంత్రిగా కూడా ఉన్నారు. ఆయన చివరి రోజులు బ్రిటనులో ఏకాంతంలో గడిచినవి. 1953 డిసెంబరులో లండన్ వీధిలో దిక్కులేని స్థితిలో కనిపించగా ఆసుపత్రికి చేర్చారు, ఆ తర్వాత త్వరలోనే మరణించారు. ఆ ఇరువురికీ సలాము చెప్పి దుఆ చేస్తుండగా, ఉపాధి ఏ దేశపు సొత్తూ కాదని, దానిని ఒకరికి ఒకచోట, మరొకరికి మరొకచోట వ్రాసినవాడు అల్లాహ్ అని మాకు మరింత స్పష్టంగా తోచినది.

కనుక పాఠకులైన తల్లిదండ్రులకు మా విన్నపం. ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌ను నమ్మమన్నది ప్రవక్త (స) బోధ. కట్టే పని ఇక్కడే, విమానం ఎక్కకముందే జరగాలి. కోర్సు ఏ ఉద్యోగానికి పనికివస్తుందో, ఆ ఉద్యోగానికి వేతనం ఎంతో, దానికి పూచీ ఇచ్చే సంస్థలు ఏవో విద్యార్థిచేతనే వెతికించండి. తెలంగాణలో అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం క్రింద అర్హులకు 20 లక్షల రూపాయల వరకు సహాయం అందుతున్నది. వడ్డీ అప్పువైపు చూడకముందు అటువైపు చూడండి. బంధువుల వద్ద తీసుకున్న చేబదులైనా కాగితంపై వ్రాసుకోండి. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పు వ్రాసుకోవడం గురించినదేనని మరువకండి. ఉద్యోగం రాకపోతే ఆ అప్పు ఇక్కడి సంపాదనతో ఎన్నేళ్ళలో తీరుతుందో కూడా లెక్క వేయండి. తీరదని తేలితే ఆ చదువు మన స్తోమతుకు మించినదని అర్థం.

అన్నింటికంటే ముఖ్యమైనది ఒక మాట. స్పాన్సర్‌షిప్ దొరికితే అల్‌హందులిల్లాహ్, దొరకకపోతే చదువుతో, ఈమాన్‌తో ఇంటికి రా, తలుపు తెరిచే ఉంటుందని బిడ్డకు చెప్పండి. దొంగ కాగితాలు అమ్మేవారి వ్యాపారమంతా తిరిగిరావడానికి మన పిల్లలు పడే సిగ్గుమీదనే నడుస్తున్నది. ఆ సిగ్గును తీసివేయడం ఏ ప్రభుత్వం చేతిలోనూ లేదు, తల్లిదండ్రుల చేతిలో ఉన్నది.